మట్కా చార్టుకు పరీక్ష పెడితే

వానాకాలం ముదిరిందంటే దుమ్ముగూడెం మండలంలో అందరి నోటా నానే అంకెలు మూడు: 43, 48, 53. భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం అన్ని అడుగులకు చేరినప్పుడు వరసగా మొదటి, రెండో, మూడో ప్రమాద హెచ్చరికలు జారీ చేస్తారు. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు పోయింది. 2022 జులైలో 71.3 అడుగులకు వచ్చింది. ఇక్కడ రేపటి అంకె ముందుగా తెలియడం కాలక్షేపం కాదు. పర్ణశాల దగ్గర సీతవాగు ఎగదన్నుతుందా, చర్ల రోడ్డు మీదికి నీళ్లొస్తాయా, గొడ్డూగోదా ఎటు తోలుకోవాలి అన్నవన్నీ ఆ అంకెను బట్టే తేలతాయి. ఏటూరునాగారం దగ్గర ఎంత ఉంది, దుమ్ముగూడెం దగ్గర ఎంత ఉంది అని చూసి, భద్రాచలానికి ఏ వేళకు ఎంత వస్తుందో కేంద్ర జలసంఘం కొన్ని గంటల ముందే చెబుతుంది. ఇదే నేల మీద, ఏ ఊళ్లో అయినా, ఫోను తెరిస్తే రేపటి అంకె చెబుతామనే పట్టికలు ఇంకో రకానివి కనిపిస్తాయి. అవి మట్కా చార్టులు. గళ్లు గీసి, పాత ఫలితాలు నింపి, వాటి మీద ఎర్రగీతలు లాగి, ఈ వేళ్టికి ఫలానా అంకె తప్పదని చెప్పేవి. రెండూ పాత అంకెలు చూసి కొత్త అంకె చెప్పే పనే చేస్తున్నాయి. అలాంటప్పుడు ఒకదాన్ని నమ్మి ఊళ్లు ఖాళీ చేయించడం తెలివి, రెండోదాన్ని నమ్మి కూలి డబ్బులు కట్టడం తెలివితక్కువ అని ఏ ఆధారంతో అంటున్నాం? జూదం చెడ్డదనే నీతి దీనికి జవాబు కాదు. చార్టును నీతితో కాదు, లెక్కతోనే పరీక్షించాలి. ఆ పరీక్ష కష్టమైనది కూడా కాదు.

ముందు ఆట సంగతి. న్యూయార్క్ పత్తి ఎక్స్ఛేంజి నుంచి బొంబాయికి టెలిప్రింటర్ మీద వచ్చే ప్రారంభ, ముగింపు ధరల మీద పందాలు కాయడంతో ఇది మొదలైంది. ఓపెన్, క్లోజ్ అనే మాటలు అలా వచ్చినవే. 1960ల మొదట్లో ఆ ధరలు రావడం ఆగిపోయాక, ఆట ఆగిపోకుండా కొత్త అంకెలు కావలసివచ్చాయి. 1962లో కల్యాణ్‌జీ భగత్ వర్లీ మట్కా మొదలుపెట్టాడు. 1964లో రతన్ ఖత్రీ న్యూ వర్లీ మట్కా పెట్టాడు. చీటీలు కుండలోంచి తీసేవారు కాబట్టి మట్కా అన్న పేరు నిలిచింది. తర్వాత పేకముక్కలు వచ్చినా పేరు మారలేదు. మిల్లు కార్మికుల బొంబాయిలో పుట్టిన ఆట తెలుగు నేలకూ పాకింది. ప్రొద్దుటూరు, తాడిపత్రి, ఆదోని, గుంతకల్లు వార్తల్లో పందెం చీటీలు రాసే మట్కా బీటర్ల అరెస్టు ఇప్పటికీ మామూలు సంగతే. 2024లో వరుణ్ తేజ్‌తో అదే పేరున విశాఖపట్నం నేపథ్యంగా సినిమా కూడా వచ్చింది. చట్టం మాత్రం దీన్ని ఎన్నడూ ఒప్పుకోలేదు. 1974 నాటి గేమింగ్ చట్టం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉంది. ప్రభుత్వాలు నడిపే లాటరీలకు సైతం 1998 నాటి కేంద్ర చట్టం ఒక హద్దు గీసింది: ముందే ప్రకటించిన నంబరు మీద గానీ, ఒకే అంకె మీద గానీ బహుమతి ఇవ్వకూడదు. రోజూ ఆడే ఒంటి అంకె ఆట ఎంత త్వరగా జేబు ఖాళీ చేస్తుందో చట్టం రాసినవాళ్లకు తెలుసన్నమాట.

ఆట ఇలా ఉంటుంది. మూడు ముక్కలు తీస్తారు. పది ముక్కను సున్నాగా లెక్కపెట్టి మూడింటినీ కూడితే వచ్చే మొత్తంలో చివరి అంకె ఓపెన్. 3, 5, 9 వస్తే మొత్తం 17, ఓపెన్ 7. తర్వాత మళ్లీ మూడు ముక్కలు, దానితో క్లోజ్. రెండూ కలిస్తే జోడీ. ఒంటి అంకె మీద కట్టి తగిలితే రూపాయికి 9 రూపాయలు, జోడీకి రూపాయికి 90 అన్నది పేరున్న రేటు; చిన్న ఊళ్ల బీటర్లు 80కో 70కో దింపుతారు. చార్టులో ఒక్కో వారానికి ఒక్కో వరస, వారంలో ఆరు ఆటలైతే ఆరు గళ్లు. గడి మధ్యలో జోడీ, అటూఇటూ ఆ మూడు ముక్కల ప్యానెళ్లు. దీన్ని చదివేవాళ్లకు సొంత భాష ఉంది. 1కి 6, 2కి 7, 3కి 8, 4కి 9, 5కి 0 కట్ అంకెలు. 12కు ఆ కట్‌లు మార్చి, తిరగేసి చూస్తే 17, 62, 67, 21, 26, 71, 76 వస్తాయి. అదంతా ఒక ఫ్యామిలీ. రెండంకెలూ ఒకటైనా, ఒకదానికొకటి కట్ అయినా రెడ్ జోడీ. గడి నుంచి గడికి అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా గీతలు లాగి, రెండు అంకెలు కూడో తీసేసో మూడోదాన్ని పట్టడం అసలు విద్య. ఇందులో శ్రమ ఉంది, ఓపిక ఉంది, కొందరిలో మెచ్చుకోదగ్గ జ్ఞాపకశక్తి కూడా ఉంది. లేనిదల్లా పట్టుకోవడానికి అవతల ఒక వస్తువు.

చార్టు పనిచేయాలంటే కొన్ని అంకెలు మిగతావాటి కంటే ఎక్కువ రావాలి, లేదా నిన్నటి అంకె ఇవాళ్టి అంకెను ఎటో ఒకవైపు లాగాలి. మొదటిదాన్ని ఆట నిర్మాణమే మూసేసింది. సున్నా నుంచి 9 దాకా అంకెలతో మూడంకెల ప్యానెళ్లు, వరస పట్టించుకోకపోతే, మొత్తం 220. వాటిలో మూడూ వేరువేరు అంకెలైనవి 120, రెండు ఒకటే అయినవి 90, మూడూ ఒకటే అయినవి 10. ఏ ప్యానెల్ అయినా తీసుకుని దాని మూడంకెలకూ ఒక్కొక్కటి కలపండి, 9కి కలిపినప్పుడు సున్నా వేయండి. చివరి అంకె కచ్చితంగా మూడు ముందుకు జరుగుతుంది. అంటే సున్నా వచ్చే ప్యానెళ్లన్నీ 3 వచ్చేవిగా మారతాయి, అవి 6 వచ్చేవిగా, తర్వాత 9, 2, 5, 8, 1, 4, 7, మళ్లీ సున్నా. ఒకే చుట్టులో పది అంకెలూ వచ్చేశాయి కాబట్టి ఏ గుంపూ ఇంకో గుంపు కంటే పెద్దది కావడానికి వీల్లేదు. ఒక్కో అంకెకు సరిగ్గా 22 ప్యానెళ్లు: 12, 9, 1. పేకలో ప్రతి అంకెకూ నాలుగేసి ముక్కలు ఉన్నంతకాలం ఈ సమానత్వం చెక్కుచెదరదు. ఆట నడిపేవాళ్లలో మంచి కంపెనీ, చెడ్డ కంపెనీ అన్న తేడా కూడా ఇక్కడ లేదు. ముక్కలు నిజంగా కలిపి తీస్తే ప్రతి అంకెకూ పదిలో ఒక వంతు, అంతే. ఆటను రూపొందించినవాళ్లు ఈ సమానత్వం తెలిసే చేశారో, కలిసివచ్చిందో గానీ, పందెం కంపెనీకి ఇంతకంటే నమ్మకమైన పునాది దొరకదు.

మిగిలింది రెండోది, నిన్నకూ ఇవాళ్టికీ సంబంధం. ఇక్కడే గోదావరి పనికొస్తుంది. ఏటూరునాగారం దగ్గర సాయంత్రం కొలిచిన నీళ్లు వేరే నీళ్లు కావు. అవే దుమ్ముగూడెం మీదుగా భద్రాచలానికి నడిచివస్తాయి. ప్రాణహిత, ఇంద్రావతి పైన ఏం కలిపాయో అదే కింద కనిపిస్తుంది. ఇవాళ 50 అడుగులున్న నది రేపు 5 అడుగులకు పడదు. అందుకే పాత అంకెలో కొత్త అంకె గురించిన సమాచారం ఉంటుంది. ముక్కలు మళ్లీ కలిపినప్పుడు నిన్నటిది ఏదీ ఇవాళ్టికి మిగలదు. ఇది వట్టి వాదన అనిపిస్తే ఇంకో సంగతి చూడండి. చార్టులో వరసకు ఆరు గళ్లు ఉన్నాయి కాబట్టి పోయిన మంగళవారం ఈ బుధవారానికి ఏటవాలు పొరుగయింది. అవే ఫలితాలను వరసకు ఐదేసి గళ్లుగా అచ్చు వేయండి. ఏటవాలు గీతలన్నీ మారిపోతాయి, పాతవి చెదిరిపోయి కొత్తవి పుడతాయి, అవీ పాతవాటంత అందంగానే తగులుతాయి. వచ్చిన అంకెల్లో ఒక్కటీ మారలేదు, మారింది కాగితం వెడల్పు మాత్రమే. ఏటూరునాగారం రీడింగులను ఏ సైజు రిజిస్టరులో రాసుకున్నా వరద అదే వేళకు వస్తుంది. అచ్చువేసిన తీరును బట్టి మారిపోయే జోస్యం అంకెల గురించి చెబుతోందా, అచ్చు గురించి చెబుతోందా?

అయినా గీతలు తగులుతున్నాయి కదా అంటారు. నిజమే, తగులుతాయి. ఎంత తరచుగా తగులుతాయో ముందు లెక్క వేసుకోకపోవడం వల్లే అది మహిమలా కనిపిస్తుంది. ఒక సూత్రం ఒక అంకె చెప్పిందనుకుందాం. ఆ అంకె గానీ దాని కట్ గానీ వస్తే తగిలినట్టే అంటారు. అంటే పదిలో ఒకటి కాస్తా పదిలో రెండయింది. ఓపెన్‌లో వచ్చినా క్లోజ్‌లో వచ్చినా సరే అంటారు. రెండింటిలోనూ తప్పిపోయే అవకాశం 80 శాతంలో 80 శాతం, అంటే 64. మిగిలిన 36 శాతం తగులుతుంది. కళ్లు మూసుకుని వేలు పెట్టిన అంకె కూడా ఈ లెక్కన నూటికి 36 సార్లు తగులుతుంది. వరసగా మూడుసార్లు తగలడం దాదాపు 21లో ఒకటి. ఇప్పుడు సూత్రాలు ఎన్ని ఉన్నాయో చూడండి. గీత నాలుగు దిక్కుల్లో లాగవచ్చు, కూడవచ్చు లేదా తీసేయవచ్చు, రెండు గళ్లలోనూ ఓపెన్ తీసుకోవచ్చు లేదా క్లోజ్ తీసుకోవచ్చు, పక్క గడి చూడవచ్చు లేదా ఒకటి వదిలి చూడవచ్చు. ఇంత మాత్రానికే 64 సూత్రాలయ్యాయి. ఏ రోజు చార్టు తెరిచినా వాటిలో సగటున మూడు సూత్రాలు నిన్నటిదాకా వరసగా మూడుసార్లు తగిలి, ఎర్రగీత కోసం సిద్ధంగా ఉంటాయి. చార్టు చదివేవాడు అబద్ధం ఆడటం లేదు. అతను చూపించే మూడు తగుళ్లూ నిజమే. వాటిని వెతకడానికి పక్కన పడేసిన అరవై సూత్రాలు మాత్రం కాగితం మీద లేవు. రెడ్ జోడీ జోస్యం దీనికంటే సులువు. నూరు జోడీల్లో రెడ్ జోడీలు 20. ఆరు రోజుల వారంలో కనీసం ఒకటి వచ్చే అవకాశం దాదాపు 74 శాతం. ‘ఈ వారం రెడ్ తప్పదు’ అని ప్రతి సోమవారం రాసిపెట్టినవాడు నాలుగు వారాల్లో మూడు వారాలు ప్రవక్త అవుతాడు.

గెస్సింగ్ చెప్పేవాళ్ల వ్యాపారం నడిచేది ఈ ఇరుసు మీదే. రోజుకు నాలుగు అంకెలు ఇచ్చి, ఓపెన్‌లోనో క్లోజ్‌లోనో ఒకటి వస్తే ‘పాస్’ అని రాసుకుంటారు. నాలుగు అంకెలూ రెండుసార్లూ తప్పడం 60 శాతంలో 60 శాతం, అంటే 36. కాబట్టి ఏ విద్యా లేకుండానే నూటికి 64 రోజులు పాస్. ఆరు రోజులూ పాసయ్యే అవకాశం దాదాపు 7 శాతం. నూరుమంది గుడ్డిగా అంకెలు చెబితే వారం చివర ఏడుగురి దగ్గర మచ్చలేని రికార్డు ఉంటుంది, ఆ ఏడుగురి స్క్రీన్‌షాట్లే ఊరంతా తిరుగుతాయి. మిగతా 93 మంది కొత్త పేరుతో మళ్లీ మొదలుపెడతారు. ఇక పాస్‌కూ లాభానికీ ఉన్న దూరం చూద్దాం. ఆ నాలుగు అంకెల మీద ఓపెన్‌కు నాలుగు రూపాయలు, క్లోజ్‌కు నాలుగు రూపాయలు కట్టారనుకోండి, రోజుకు 8. సగటున నూరు రోజుల్లో 16 రోజులు రెండూ తగిలి, 18 వచ్చి, రోజుకు 10 మిగులుతుంది: 160. ఇంకో 48 రోజులు ఒకటే తగిలి 9 వస్తుంది, మిగిలేది రూపాయి: 48. మిగతా 36 రోజులు 8 చొప్పున పోతుంది: 288. నూరు రోజుల్లో 64 రోజులు గెలిచి ఇంటికొచ్చినవాడు మొత్తం మీద 80 రూపాయలు పోగొట్టుకున్నాడు. పెట్టిన 800లో సరిగ్గా పదో వంతు. ఎంత తెలివిగా అంకెలు మార్చినా ఈ పదో వంతు మారదు, ఎందుకంటే అది అంకెల్లో లేదు, పదిలో ఒకటి వచ్చేదానికి తొమ్మిదే ఇచ్చే రేటులో ఉంది. జోడీకి 80 ఇచ్చే బీటర్ దగ్గర ఆ కోత ఐదో వంతు. చార్టు నిజంగా ఉపయోగపడిందనాలంటే ఒంటి అంకె పదిసార్లలో ఒకసారి కాదు, తొమ్మిదిసార్లలో ఒకసారి కంటే ఎక్కువ రావాలి. ఈ గీటురాయి ఒక్కటి మనసులో పెట్టుకుంటే పాస్ అన్న మాటకు మెరుపు పోతుంది.

చార్టు నుంచి పుట్టే ఇంకో నమ్మకం దాగిన అంకె. 8 వచ్చి ఇరవై ఆటలయింది, ఇక రాక తప్పదు అంటారు. ఒక అంకె ఇరవై ఆటల్లో ఒక్కసారీ రాకపోయే అవకాశం 12 శాతం. అంకెలు పది ఉన్నాయి కాబట్టి ఏ ఇరవై ఆటల ముక్క తీసుకున్నా అందులో కనపడని అంకె సగటున ఒకటికి పైగానే ఉంటుంది. ఎక్కువసార్లు ఏదో ఒక అంకె బాకీ ఉన్నట్టే కనిపిస్తుందన్నమాట, కానీ ఆ బాకీ రాసుకున్న ఖాతా ఎవరి దగ్గరా లేదు. ఇది తెలుగువాళ్లకో, చదువుకోనివాళ్లకో పరిమితమైన పొరపాటు అనుకోవద్దు. ఇటలీ లాటరీలో వెనిస్ చక్రం మీద 53వ నంబరు 2003 మే నుంచి రాలేదు. రాకపోయేకొద్దీ జనం దాని మీద ఇంకా ఎక్కువ కట్టారు. 2005 ఫిబ్రవరి 9న అది వచ్చేలోపు 182 డ్రాలు గడిచాయి, దాని మీద పందెం 350 కోట్ల యూరోలు దాటింది, కుటుంబాలు ఆరిపోయాయి. అక్కడ అప్పట్లో 90 నంబర్లు, పది చక్రాలు. తొమ్మిది వందల చోట్ల, ఏళ్ల తరబడి తీస్తూ పోతే ఎక్కడో ఒకచోట అంత పొడవు కరువు రావడం వింత కాదు. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్ర లాటరీ లెక్కలు చూసిన ఛార్లెస్ క్లాట్‌ఫెల్టర్, ఫిలిప్ కుక్ 1993లో దీనికి అద్దంలో బొమ్మలాంటి అలవాటు చూపించారు: ఒక నంబరు తగిలిన వెంటనే జనం దాని మీద కట్టడం మానేస్తారు, కొన్ని నెలలకు గానీ మళ్లీ కట్టరు.

ఇంతకీ పరీక్ష ఎలా పెట్టాలి? దానికి పాఠం మన భారతంలోనే ఉంది. నన్నయ తెనిగించిన అరణ్యపర్వ భాగంలో నలుడు జూదంలో రాజ్యం పోగొట్టుకుని, బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుడి రథం తోలుతుంటాడు. దారిలో ఒక తానిచెట్టు చూసి, దాని ఆకులూ కాయలూ ఇన్ని అని ఋతుపర్ణుడు చెబుతాడు. తానికాయ అంటే ఆ కాలం జూదపు పాచిక, ఇప్పటికీ ఈ మన్యం అడవుల్లో దొరికే త్రిఫలాల్లో ఒకటి. రాజు మాట కదా అని నలుడు తలూపి ఊరుకోలేదు. రథం ఆపి, చెట్టు నరికి, లెక్కపెట్టాడు. సరిపోయాకే అక్షహృదయమనే పాచికల విద్య నేర్పమన్నాడు. ఆ చిన్న కథలో పరీక్షకు కావలసినవన్నీ ఉన్నాయి. అంకె లెక్కకు ముందే చెప్పేశారు. ఒకే అంకె చెప్పారు, కట్‌లూ ఫ్యామిలీలూ లేవు. సరిచూడటానికి చెట్టు ఎదురుగా ఉంది. సరిచూసినవాడు చెప్పినవాడు కాదు. చార్టుకూ ఇదే పద్ధతి. చివరి 300 ఆటలు కనపడకుండా కాగితం కప్పి, పైన ఉన్న వాటి నుంచి మాత్రమే సూత్రం కట్టాలి. ఏది వస్తే తగిలినట్టో ముందే రాసి పెట్టాలి. తర్వాత ఒక్కో గడే తెరుస్తూ తగిలినవీ తప్పినవీ అన్నీ రాయాలి. రూపాయి కూడా కట్టనక్కర్లేదు. కట్‌తో, ఓపెన్ లేదా క్లోజ్ లెక్కన చూస్తే 300లో 108 ఊరికే తగలాలి. అదృష్టం అటూఇటూ ఊపినా మామూలుగా 91కీ 125కీ మధ్యనే ఉంటుంది. అందులో ఉన్నంతవరకు సూత్రం ఏమీ చెప్పలేదనే అర్థం. ఇంకా నమ్మకం కుదరకపోతే బొమ్మ ముక్కలు తీసేసిన 40 ముక్కల పేకతో ఇంట్లోనే ఏడాది చార్టు తయారుచేసి, పేరు చెప్పకుండా అసలు చార్టు పక్కన పెట్టండి. ఎర్రగీతలు రెండింటి మీదా సమానంగానే పడతాయి.

దీనికి అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది, సూత్రం తప్పు కాదు, చదవడం చేతకాకపోవడం తప్పు అనేది. మంచిదే, చేతనైనవాళ్లనే కూర్చోబెట్టండి, కానీ వాళ్లు కూడా గడి తెరవకముందే రాయాలి. నదిమట్టం లెక్క కట్టే ఇంజినీరు పొరపాటు పడినప్పుడు అది పొరపాటని అందరికీ తెలుస్తుంది, ఎందుకంటే అడుగుల్లో, గంటల్లో ముందే చెప్పాడు. తప్పినప్పుడల్లా చదివినవాడి మీదికి, తగిలినప్పుడల్లా చార్టు మీదికి పేరు పోయే విద్యకు ఓటమే ఉండదు, కాబట్టి దాని గెలుపుకు విలువా ఉండదు. ఫలానావాడు చార్టు చూసే ఇల్లు కట్టాడన్నది ఇంకో మాట. వేలమంది ఆడేచోట కొందరు పెద్దగా గెలవకపోతేనే ఆశ్చర్యపడాలి.

రెండో అభ్యంతరం గట్టిది. ప్రపంచంలో లాటరీలను ఓడించినవాళ్లు నిజంగా ఉన్నారు. 1980 ఏప్రిల్ 24న పెన్సిల్వేనియా డ్రాలో 666 వచ్చింది. 4, 6 తప్ప మిగతా బంతుల్లోకి రంగు ఎక్కించి బరువు పెంచారు కాబట్టి అవి పైకి లేవలేదు. అయోవాలో ఎడ్డీ టిప్టన్ అనే ఉద్యోగి అంకెలు తీసే కంప్యూటర్ ప్రోగ్రాంలోనే దొంగదారి పెట్టి 2010లో పెద్ద బహుమతికి గాలం వేశాడు. రెండు మోసాలూ దొరికిపోయాయి. మిషిగన్‌కు చెందిన సెల్బీ దంపతులు ఏ నేరమూ చేయకుండా విన్‌ఫాల్ పేరున్న లాటరీల్లో సంవత్సరాల తరబడి లాభం తీశారు; కొన్ని ప్రత్యేక వారాల్లో టికెట్టు ధర కంటే దాని సగటు రాబడి ఎక్కువయ్యేలా నిబంధనలు ఉన్నాయని గమనించి, ఆ వారాల్లోనే కట్టలకొద్దీ కొన్నారు. వీళ్లలో ఎవరూ పాత ఫలితాల మీద గీతలు లాగలేదు. మొదటి రెండు చోట్లా యంత్రాన్ని ముట్టుకున్నారు, సెల్బీలు రేటు చదివారు. మట్కాలో ఒంటి అంకెకు రేటు తొమ్మిదే, పైగా అది బీటర్ చీటీ మీదే కనిపిస్తుంది.

చివరిది, చార్టు వాడేవాళ్లే గుసగుసగా చెప్పేది. ఆట నిజాయితీగా నడవదు, కంపెనీవాళ్లు కావాలని అంకె తెప్పిస్తారు, మనిషి తెప్పించేదానికి పద్ధతి ఉంటుంది, ఆ పద్ధతినే చార్టు పడుతుంది అంటారు. ఇది నా లెక్కలన్నిటికీ కింద ఉన్న ఊహను తట్టే ప్రశ్న, కాబట్టి దాటవేయడానికి లేదు. చట్టానికి బయట, ఎవరి తనిఖీ లేకుండా నడిచే ఆటలో మోసం జరగదని హామీ ఇవ్వడానికి ఎవరికీ వీల్లేదు. అయితే మోసం ఎటు సాగుతుందో ఆలోచించండి. అంకె ఎంచుకునే అవకాశం ఉన్న కంపెనీ పాత చార్టు చూడదు, ఇవాళ్టి చీటీలు చూస్తుంది. ఏ అంకె మీద తక్కువ డబ్బు పడిందో దాన్నే తెప్పిస్తుంది. ఎక్కువ డబ్బు పడేది ఎక్కువమంది చూసే చార్టు చెప్పిన అంకె మీదే. అంటే దొంగ ఆటలో పేరున్న చార్టు మామూలు గుడ్డి అంకె కంటే హీనమవుతుంది, అది చెప్పిన అంకెనే కంపెనీ తప్పించుకు తిరుగుతుంది కాబట్టి. పోనీ తక్కువ డబ్బు పడిన అంకె మీద కడదామంటే ఆ లెక్క కంపెనీ పుస్తకంలో తప్ప ఎక్కడా కనపడదు. ఈ అనుమానానికి కూడా పైన చెప్పిన 300 గళ్ల పరీక్షే సరిపోతుంది. అందరూ పంచుకునే చార్టు అంకె 108కి బదులు 91 కంటే బాగా కిందికి, 80కో 75కో పడిపోతే అది వట్టి దురదృష్టంతో జరిగే పని కాదు. అప్పుడు చార్టు మొదటిసారి నిజంగా ఒక సమాచారం చెప్పినట్టు, అదీ రేపటి అంకె గురించి కాదు, ముక్కలు తీసే చేతి గురించి.